వేళకాని వేళ మోగే దొంగల అలారం: లోపాన్ని మనమే కనుక్కోవడం ఎలా?



మన ట్రస్టు విద్యార్థి వేతనం అందుకుంటున్న పిల్లల్లో చాలామంది ఓమ్ నియమాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఆ నియమంతోనే ఇంటి గోడకు తగిలించిన ఒక పరికరంలో లోపం ఎక్కడుందో చెప్పమంటే మాత్రం వెనకాడతారు. చదువు మరాఠీలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో సాగడం ఇందుకు కారణం కాదు. పుస్తకంలోని వలయానికి, ఇంట్లోని తీగకు సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చూపించకపోవడమే కారణం. సోలాపూరులో ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేస్తున్న అనుభవంతో ఈ పాఠం రాస్తున్నాను. దొంగల అలారాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. టీవీ పాడైతే కాలక్షేపం పోతుంది, అంతే. అలారం ఊరికే మోగుతుంటే ఇంటివాళ్లు విసిగిపోయి దాన్ని ఆపేస్తారు. ఇంటికి అలారం ఉందన్న ధీమా మాత్రం అలాగే ఉంటుంది, ప్రమాదం అక్కడే ఉంది.

ముందుగా అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. అమెరికాలో అగస్టస్ రసెల్ పోప్ అనే ఆయన 1853లో విద్యుత్తుతో పనిచేసే దొంగల అలారానికి పేటెంటు పొందాడు. తలుపు తెరిస్తే వలయం పూర్తయి గంట మోగేది. ఇందులో లోటు ఏమిటో మీరే ఆలోచించండి. దొంగ ముందే తీగ కత్తిరిస్తే తలుపు తెరిచినా గంట మోగదు. అందుకే తర్వాత పద్ధతి తిరగబడింది. తలుపు మూసి ఉన్నంతసేపు వలయంలో కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది. తలుపు తెరిచినా, తీగ తెగినా ఆ ప్రవాహం ఆగుతుంది, ఆగగానే సైరన్ మోగుతుంది. అయితే తెలిసిన దొంగ రెండు తీగలనూ ఒకదానితో ఒకటి కలిపేస్తే? ప్రవాహం ఆగదు కనుక తలుపు తెరిచినా పెట్టెకు తెలియదు. దీనికి విరుగుడుగా తీగ చివర, తలుపు దగ్గర, ఒక చిన్న నిరోధకాన్ని పెడతారు. పెట్టె ఆ నిరోధాన్ని ఎప్పుడూ కొలుస్తూ ఉంటుంది. అది పెరిగినా తగ్గినా ఏదో జరిగిందని గుర్తిస్తుంది. మన ఊళ్లలో కొందరు బిగించేవాళ్లు పని తొందరలో ఆ నిరోధకాన్ని తలుపు దగ్గర కాక పెట్టెలోనే పెట్టేసి పోతారు. అప్పుడది ఉన్నా లేనట్టే. మీ ఇంట్లో ఎక్కడ పెట్టారో ఒకసారి చూడండి.

తలుపు చట్రంలో ఉండేది రీడ్ స్విచ్. గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులు ఉంటాయి. తలుపుకున్న అయస్కాంతం దగ్గరగా వస్తే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి, దూరం పోతే విడిపోతాయి. 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన ఈ చిన్న వస్తువు దాదాపు అదే రూపంలో ఇప్పటికీ మన తలుపుల్లో ఉంది. గదిలో మనిషి కదలికను పట్టేది పరారుణ సెన్సర్, అందరూ పీఐఆర్ అంటారు. దాని సంగతి తర్వాత చెబుతాను. వీటన్నిటి తీగలూ వచ్చి చేరేది కంట్రోల్ పెట్టెకు. అందులో 230 వోల్టులను తగ్గించే భాగం, సర్క్యూట్ బోర్డు, కరెంటు పోయినప్పుడు ఆదుకునే 12 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. పెట్టెకు వచ్చే ఒక్కో తీగల జతను ఒక్కో జోన్ అంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అలారం ఊరికే మోగుతుంటే చాలామంది చేసే పని, ఏదో ఒక భాగం కొని మార్చడం. మొదట సెన్సర్ మారుస్తారు, తర్వాత బ్యాటరీ, చివరకు పెట్టె. డబ్బు పోతుంది, లోపం ఉండిపోతుంది. మార్చకముందు కొలవాలి, కొలవకముందు అడగాలి. అడగవలసినవి రెండే: ఏ జోన్ మోగింది? ఏ వేళకు మోగింది? మొదటిది కీప్యాడ్ జ్ఞాపకంలో దొరుకుతుంది. రెండోదాన్ని ఇంటివాళ్లే వారం రోజులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. తెల్లవారుజామునే మోగితే ఒక కారణం, మిట్టమధ్యాహ్నం మోగితే ఇంకొకటి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోగితే మరొకటి.

మా పేటలోనే ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. భర్త పోయాక కూతురితో ఉంటున్న ఒక అక్క ఇల్లు అది. నెల రోజులుగా తెల్లవారుజామున అలారం మోగుతోంది. బిగించినవాళ్లు వచ్చి చూసి, పెట్టె మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నారు. ఆమె నన్ను పిలిచి, “తమ్ముడూ, అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు బీరువాలో ఉంది. అలారం ఆపేస్తే నాకు నిద్ర పట్టదు, ఆపకపోతే పక్కింటివాళ్లకు నిద్ర పట్టదు. ఏం చేయమంటావు?” అంది. “ముందు కొలుద్దాం అక్కా, కొనడం తర్వాత చూద్దాం” అన్నాను. పదకొండో తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లలను వెంట తీసుకెళ్లాను. నాకు సాయం కోసం కాదు, వాళ్లు చూడాలని.

కీప్యాడ్ చూపింది రెండో జోన్, అంటే పెరటి తలుపు. ఆ పెట్టెలో చివరి నిరోధకం విలువ 2.2 కిలో ఓములు. దాని మీద ఎరుపు, ఎరుపు, ఎరుపు పట్టీలు, చివర బంగారు రంగు పట్టీ ఉంటాయి. బంగారు పట్టీ అంటే విలువ అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. కనుక 2.1 నుంచి 2.3 వరకు ఏది కనిపించినా సరే అనుకోవాలి. పెట్టెకు కరెంటు ఆపి, బ్యాటరీ తీగ తీసి, రెండో జోన్ తీగల జతను స్క్రూల నుంచి విడదీసి మల్టీమీటరుతో కొలిచాం. సాయంత్రం ఆరు గంటలకు 2.9 కిలో ఓములు వచ్చింది. మళ్లీ మర్నాడు ఉదయం అయిదింటికి వెళ్లి కొలిస్తే దాదాపు 6 కిలో ఓములు! పిల్లల్లో ఒకడు మీటరే పాడైందన్నాడు. మీటరు ముల్లులు రెండూ కలిపి చూపించాను, సున్నా దగ్గరే నిలిచింది. మీటరును నమ్మేముందు ఇలా చూసుకోవడం మంచిది.

ఈ అంకెలకు అర్థం ఏమిటో లెక్క వేద్దాం. ఆ పెట్టె 12 వోల్టులను లోపలున్న 2.2 కిలో ఓముల నిరోధకం గుండా జోన్‌కు పంపుతుంది. బయట కూడా 2.2 ఉంటే వోల్టేజి సమంగా పంచుకుంటుంది, జోన్ స్క్రూల మధ్య 6 వోల్టులు ఉంటాయి. తీగ తెగితే 12, తీగలు కలిసిపోతే సున్నా. సాయంత్రపు 2.9కి లెక్క వేస్తే 12ను 5.1తో భాగించి 2.9తో గుణించాలి, సుమారు 6.8 వోల్టులు. పెట్టె దీన్ని ఓర్చుకుంటుంది. తెల్లవారుజాము 6కి లెక్క వేస్తే 8.8 వోల్టులు. తలుపు తెరిచారేమో అని పెట్టె భయపడుతుంది, సైరన్ మోగిస్తుంది. అంటే పెట్టె పాడవలేదు. తనకు అందిన కొలతకు సరైన జవాబే చెబుతోంది. పద్నాలుగు వేలు పెట్టి దాన్ని మార్చినా కొత్త పెట్టె కూడా అదే జవాబు చెప్పి ఉండేది.

మరి అదనపు నిరోధం ఎక్కడిది? తీగ పొడవు వల్లనా? ఇదీ లెక్కతోనే తేలుతుంది. పెట్టె నుంచి పెరటి తలుపుకు ఇరవై మీటర్లు, పోయి రావడానికి నలభై మీటర్ల రాగి తీగ. తీగ వ్యాసం అర మిల్లీమీటరు. పదో తరగతిలో నేర్చుకున్న విశిష్ట నిరోధం సూత్రంలో ఈ అంకెలు వేయండి. రాగి విశిష్ట నిరోధం 1.72ను పది ఘాతం మైనస్ 8తో గుణించగా వచ్చే ఓమ్ మీటర్లు. జవాబు మూడున్నర ఓములు. మాకు కనిపించిన అదనం సాయంత్రం వేళకే ఏడు వందల ఓములు! ఇది తీగ చేసే పని కాదు. ఎక్కడో ఒక అతుకు చేస్తున్న పని. ఒక్క స్క్రూ విప్పకముందే ఇంత తెలిసింది.

ఆ అతుకును వెదకడానికి ఇరవై మీటర్లూ గోడ పగలగొట్టనక్కర్లేదు, సగం చేసుకుంటూ పోతే చాలు. పెరటి తలుపు దగ్గర రీడ్ స్విచ్‌నూ నిరోధకాన్నీ వదిలేసి రెండు తీగలనూ కలిపేశాం. ఇప్పుడు పెట్టె దగ్గర కొలిస్తే మూడున్నర ఓములు రావాలి. ఏడు వందలు వచ్చింది, తీగను కదిపితే అంకె ఊగింది. కనుక స్విచ్, నిరోధకం మంచివే, లోపం దారిలోనే ఉంది. వరండాలో మధ్యన ఒక జంక్షన్ పెట్టె ఉంది. అక్కడ తీగలు విడదీసి పెట్టె వైపు సగాన్ని అలాగే కొలిచాం. రెండు ఓములు కూడా లేదు. అటు సగం బాగున్నట్టే. మిగిలిన సగంలో స్నానాల గది గోడ పక్కన ఇంకొక జంక్షన్ పెట్టె ఉంది. మూత తీసేసరికి పిల్లలు తామే “ఇదిగో” అన్నారు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, టేపు జిగురు కరిగి జారిపోయింది, రాగి మీద ఆకుపచ్చ చిలుము. తెల్లవారుజామున చల్లదనానికి తీగ ముడుచుకుని ఆ మెలి ఇంకాస్త వదులయ్యేది, నిరోధం పెరిగేది. చిలుము పట్టిన భాగం కత్తిరించి, మెరిసే రాగి కనబడేదాకా గీకి, మెలిపెట్టి టంకం వేసి, గొట్టం తొడిగి, పెట్టె మూతకు నీరు దిగకుండా జిగురు పెట్టాం. మళ్లీ కొలిస్తే 2.2. ఖర్చు ముప్పై రూపాయలు కూడా కాలేదు.

అన్ని లోపాలూ ఇంత సూటిగా దొరకవు. రీడ్ స్విచ్‌ల సంగతే చూడండి. మా ఊళ్లో మరమగ్గాల షెడ్ల పక్క ఇళ్లలో గోడలు రోజంతా అదురుతుంటాయి, అయస్కాంతం స్క్రూలు వదులవుతాయి. వానాకాలంలో కొయ్య తలుపు ఉబ్బి సరిగా పడదు, అయస్కాంతానికీ స్విచ్‌కూ ఎడం పెరుగుతుంది. ఇనుప తలుపైతే అయస్కాంత బలాన్ని తలుపే లాక్కుంటుంది, కనుక ఇనుప తలుపులకు ప్రత్యేకించి చేసిన పెద్ద రకం వాడాలి. తలుపు మూసి చేత్తో అటూ ఇటూ కదుపుతూ మీటరు చూస్తే లోపం బయటపడుతుంది.

పీఐఆర్ సెన్సర్లది వేరే కథ. మన శరీరం నుంచి సుమారు తొమ్మిదిన్నర మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కిరణాలు ఎక్కువగా వెలువడతాయి. సెన్సర్ ముందున్న తెల్లని ప్లాస్టిక్ మూత నిజానికి అనేక చిన్న కటకాల వరుస. గదిని అది పట్టీలు పట్టీలుగా విభజిస్తుంది. వెచ్చని శరీరం ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీలోకి కదిలితే లోపలి రెండు ముక్కల మీద వేడి తేడా కనిపిస్తుంది. కనుక సెన్సర్ చూసేది మనిషిని కాదు, మనిషికీ గోడకూ ఉన్న వేడి తేడాను. ఏప్రిల్, మే నెలల్లో మా సోలాపూరులోనైనా, బళ్లారిలోనైనా ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మూసి ఉన్న గది వేడి మన చర్మం వేడికి సమానమవుతుంది. అప్పుడు సెన్సర్‌కు మనిషి సరిగా కనిపించడు. ఇది మోగకుండా పోయే లోపం కనుక ఎవరి దృష్టికీ రాదు. వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి ఊరికి పోయేవాళ్లు పీఐఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదని నా అభిప్రాయం. తలుపులకు రీడ్ స్విచ్‌లు తప్పక ఉండాలి.

ఊరికే మోగే పీఐఆర్‌కు మన ఇళ్లలో మొదటి ముద్దాయి బల్లి. దూరాన ఉన్న మనిషి ఎంత కనబడతాడో, కటకం మీద పాకే బల్లి అంతకంటే పెద్దగా కనబడుతుంది. తర్వాత సాలెపురుగు, లోపల గూడు పెట్టే చీమలు, కిటికీ ఎండకు వేడెక్కి ఊగే కర్టెను. మెత్తని పొడి గుడ్డతో తుడిచి, వెనక తీగ దూరే రంధ్రాన్ని మూసేయండి, చాలామటుకు పీడ వదులుతుంది. వదలకపోతే ఆ ఒక్క జోన్‌ను రెండు రాత్రులు బైపాస్ చేసి చూడండి. మోత ఆగితే లోపం అక్కడే, ఆగకపోతే వేరే చోట.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోగితే బ్యాటరీని అనుమానించండి. సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీ ఉంటుంది. పెట్టె 150 మిల్లీ ఆంపియర్లు, నాలుగు సెన్సర్లు తలా 15 తీసుకుంటాయనుకోండి, మొత్తం 210. ఏడును 0.21తో భాగిస్తే ముప్పై మూడు గంటలు. ఇది కొత్త బ్యాటరీకి, అదీ కాగితం మీద. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఖాళీగా కొలిస్తే 12.6 చూపి మంచిదానిలాగే నటిస్తుంది. సైరన్ మోగిస్తే తొమ్మిదికి పడిపోతుంది. అందుకే బ్యాటరీని భారం మోయిస్తూనే కొలవాలి. వేడి దీనికి శత్రువు, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కనుక పెట్టెను పడమటి ఎండ తగిలే గోడకు బిగించవద్దు. పాత బ్యాటరీని చెత్తలో వేయవద్దు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం సేకరించేవారికి అప్పగించాలి.

ఫోనుకు కబురు పంపే పెట్టెల్లో చాలాసార్లు లోపమే ఉండదు, సిమ్ కార్డు గడువు తీరి ఉంటుంది. పాత పెట్టెలు 2జీ మీద పనిచేసేవి. వాటిలో జియో సిమ్ వేస్తే పలకదు, ఆ సంస్థకు 2జీ ఎన్నడూ లేదు.

తల్లిదండ్రులకు ముఖ్యంగా రెండు మాటలు. 230 వోల్టుల వైపు పిల్లలు ముట్టుకోకూడదు. ప్లగ్గు తీసి, ఆ తర్వాత బ్యాటరీ తీగ తీశాకే పెట్టెలో చెయ్యి పెట్టాలి. సీసపు బ్యాటరీ 12 వోల్టులేగా అని తేలిగ్గా తీసుకోవద్దు, రెండు కొసల మధ్య స్క్రూడ్రైవర్ పడితే నిప్పురవ్వలు లేచి చెయ్యి కాలుతుంది. కొన్ని సైరన్లలో సొంత బ్యాటరీ ఉంటుంది, తీగ తీయగానే నిచ్చెన మీదున్నవాడి చెవి పక్కనే మోగుతుంది. ముందే తెలిస్తే ఉలిక్కిపడి జారిపోరు. వారంటీ ఉన్న పెట్టె సీలు తీయవద్దు. నిప్పును, గ్యాసును కనిపెట్టే అలారాలను ఈ పాఠం చూసి విప్పవద్దు.

రెండోది నమ్మకానికి సంబంధించినది. పని నేర్చాక పిల్లలను ఇరుగుపొరుగు పిలుస్తారు, సంతోషమే. కానీ ఒక ఇంటి అలారం బాగుచేసినవాడికి ఆ ఇంట్లో ఏ తలుపుకు సెన్సర్ ఉందో, ఏ కిటికీకి లేదో తెలిసిపోతుంది. అందుకే ఇంటి పెద్దవాళ్లు ఎదురుగా ఉంటేనే పని చేయాలి, కోడు అడగకూడదు, చెప్పబోయినా వద్దనాలి. వాళ్లే వచ్చి నొక్కాలి. మేము ఆ అక్క ఇంట్లో పని ముగించాక ఆమెనే కోడు మార్చుకోమని చెప్పి బయట వరండాలో నిలబడ్డాం. బిగించినవాళ్ల కోడు కూడా తయారీదారు ఇచ్చినదే ఉండిపోయింది. ఆ అంకె పెట్టెతో వచ్చే పుస్తకంలోనే అచ్చయి ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. దాన్నీ ఆమె చేతనే మార్పించాం.

మరమ్మతు అయ్యాక పరీక్షించనిదే పని పూర్తి కానట్టు. పక్కింటివాళ్లకు ముందే చెప్పి, పగటి పూట చేయండి. ప్రతి తలుపూ ఒక్కొక్కటిగా తెరిచి ఏ జోన్ పలుకుతుందో చూడండి. ప్రతి గదిలో నాలుగు అడుగులు అడ్డంగా నడవండి. సెన్సర్‌కు ఎదురుగా నడిస్తే అది ఆలస్యంగా పడుతుంది. తర్వాత మెయిన్ ఆపి బ్యాటరీ మీదనే సైరన్ రెండు నిమిషాలు మోగించండి, వోల్టేజి రాసుకోండి. చివరగా ఒక కాగితం మీద జోన్ల పేర్లు, ఒక్కో జోన్‌కు కొలిచిన ఓములు, బ్యాటరీ వేసిన నెల, సంవత్సరం రాయండి. దాన్ని పెట్టె మూత లోపలి వైపు అంటించండి, బయటి వైపు వద్దు.